సూది అక్కడ... వాపు ఇక్కడ!

నెలల తర్వాత బయటపడే ఫిల్లర్ల సమస్య
దుమ్ము ఎలర్జీ అనుకుంటే అసలు సంగతి మరుగున పడుతుంది

యశ్వంతనగర్ (సండూరు తాలూకా):

ఇక్కడ ముఖం ఎర్రబడితే ఎవరూ పెద్దగా కంగారు పడరు. దద్దురు వచ్చినా, కళ్లు మండినా, బుగ్గ ఉబ్బినా ఒకటే మాట... ''దుమ్ము పడల్యా, అంతే.'' ఆ మాటలో నిజం లేకపోలేదు. సండూరు కొండల్లో తవ్విన ఇనుప ఖనిజం లారీల మీద, హోసపేట-స్వామిహళ్లి రైలు మార్గంలో వ్యాగన్ల మీద పోతూనే ఉంటుంది. దారి పక్క చెట్ల ఆకులు ఎర్రగా, ఇంటి ముందు ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి ఎర్రగా. 2011లో సుప్రీంకోర్టు గనులు ఆపించినప్పుడు కొంత తెరిపి వచ్చింది. 2013లో షరతులతో మళ్లీ అనుమతించాక దుమ్మూ తిరిగి వచ్చింది. చర్మానికి ఏమొచ్చినా నెపం దుమ్ము మీదకు పోవడం అలా అలవాటైపోయింది.

కానీ ఈ మధ్య కాలంలో పట్నాల నుంచి పల్లెలకు మరో సమస్య వస్తోంది. దానికి దుమ్ముతో సంబంధం లేదు. బుగ్గలు నిండుగా కనిపించడానికి, పెదాలు లావుగా ఉండటానికి, కంటి కింద గుంట పూడటానికి వేయించుకునే సూదులు... ఫిల్లర్లు. వేయించుకున్న రోజు అంతా బాగుంటుంది. వారం బాగుంటుంది. నెల బాగుంటుంది. ఆ తర్వాత ఎప్పుడో, ఆ సంగతే మరిచిపోయాక, ముఖం మీద గడ్డ లేస్తుంది.

ఇలా జరుగుతుంది...

ఒక ఉదాహరణ అనుకుందాం. యశ్వంతనగర్ అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. పెళ్లి చూపులకు ముందు స్నేహితురాలి మాట మీద ఒక క్లినిక్‌లో బుగ్గలకు ఫిల్లర్ వేయించుకుంది. ఇంట్లో చెప్పలేదు. ఐదు నెలలు గడిచాయి. పండక్కి ఊరొచ్చింది. ముందు వారం పన్ను పోటు, ఆ వెంటే రెండు రోజులు జ్వరం. జ్వరం తగ్గింది గానీ కుడి బుగ్గ గట్టిపడి, ఎర్రగా ఉబ్బింది. రెండో రోజుకు ఎడమ బుగ్గ కూడా.

ఇంట్లో వాళ్లకు దుమ్మే కనిపిస్తుంది. మందుల షాపుకు పోతే ఒక ట్యూబు, నాలుగు ఎలర్జీ మాత్రలు ఇస్తారు. ట్యూబులో స్టెరాయిడ్ ఉంటే వాపు రెండు రోజులు తగ్గినట్టే ఉంటుంది. ఆపగానే మళ్లీ లేస్తుంది. ఇంకో ట్యూబు. ఈలోగా సెలవు అయిపోయి బెంగళూరుకు పోతే, సూది వేసిన క్లినిక్‌లో ఆ రోజు ఉన్న మనిషి ఇప్పుడు ఉండకపోవచ్చు. ఉన్నా, ''ఐదు నెలలైంది కదమ్మా, మా సూది వల్ల అయితే అప్పుడే వచ్చేది'' అనవచ్చు.

ఆ మాట తప్పు. ఫిల్లర్ల విషయంలో ఆలస్యంగా వచ్చే సమస్యలు ఉన్నాయని వైద్యశాస్త్రం ఎప్పుడో రాసిపెట్టింది. కొన్ని వారాల తర్వాత రావచ్చు. నెలల తర్వాత రావచ్చు. శాశ్వతంగా ఉండిపోయే రకాలతో ఏళ్ల తర్వాత కూడా రావచ్చు.

ఆవు కంటి నుంచి బుగ్గ దాకా

ఫిల్లరు, బొటాక్సు ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. రెండూ సూదులే, రెండూ ముఖానికే గానీ పని వేరు. బొటాక్సు కండరాన్ని కొన్ని నెలలు సడలించి ముడత పడకుండా చేస్తుంది. ఫిల్లరు ఖాళీని నింపుతుంది. పరుపులో దూది కుక్కినట్టు చర్మం కింద ఒక జెల్‌ను పెడతారు.

ఇప్పుడు ఎక్కువగా వాడేది హయలురానిక్ ఆమ్లం అనే పదార్థంతో చేసిన జెల్. పేరులో ఆమ్లం ఉందని భయపడక్కర్లేదు, అది మన ఒంట్లో ఉన్నదే. 70 కిలోల మనిషిలో 15 గ్రాముల దాకా ఉంటుందని అంచనా. చర్మంలో, కీళ్లలో, కంట్లో నీటిని పట్టి ఉంచే పని దానిది. దీన్ని 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అమెరికాలో ఆవు కంటిలోని జిగట పదార్థం నుంచి వేరు చేశారు. ఈ రోజు బ్యూటీ క్లినిక్ అద్దాల మీద రాసి ఉండే పేరుకు మూలం ఆ ఆవు కన్ను!

అంతకుముందు పశువుల చర్మం నుంచి తీసిన కొల్లాజెన్ వాడేవారు. 1981లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దాన్ని అనుమతించింది. అది పడనివాళ్లు ఉంటారు కాబట్టి ముందు చేతికి కొంచెం పొడిచి, వారాల తరబడి చూసి, అప్పుడు ముఖానికి వేసేవారు. 2003 చివర్లో హయలురానిక్ జెల్‌కు అక్కడ అనుమతి వచ్చింది. దానికి ముందస్తు పరీక్ష అక్కర్లేదు. దాంతో పని తేలికైంది, గిరాకీ పెరిగింది. భోజన విరామంలో వెళ్లి చేయించుకుని రావచ్చన్న ప్రచారం అక్కడి నుంచే మొదలైంది.

ఒంట్లో ఉన్న పదార్థమే అయితే ఒళ్లు ఎందుకు ఎదురు తిరుగుతుంది? ఎందుకంటే సహజంగా ఉండేది ఒకటి రెండు రోజుల్లోనే కరిగిపోతుంది, శరీరం కొత్తది తయారు చేసుకుంటూ ఉంటుంది. అలా కరిగిపోయేదాన్ని డబ్బు పెట్టి ఎవరు వేయించుకుంటారు? అందుకే కంపెనీలు దాని పోగులను ఒకదానితో ఒకటి రసాయనంతో ముడివేస్తాయి. ఆ ముళ్ల వల్లే జెల్ ఆరు నెలలు, ఏడాది, ఏడాదిన్నర నిలుస్తుంది. స్కానింగులు తీసి చూస్తే కొందరిలో ఏళ్ల తరబడి కనిపించిన సందర్భాలూ ఉన్నాయి. ''ఆరు నెలల్లో కరిగిపోతుంది లే'' అన్న మాటను పూర్తిగా నమ్మలేం.

ఇన్ని నెలలు ఊరుకుని ఇప్పుడెందుకు?

కారణం ఒక్కటి కాదు. శరీరంలోని రక్షణ వ్యవస్థ ఆ జెల్‌ను పరాయిదిగా గుర్తించి చుట్టూ గోడ కట్టుకోవచ్చు. చేతికి తగిలే గట్టి గడ్డలు కొన్ని అలా వచ్చినవే. సూది వేసేటప్పుడు చర్మం మీద ఉన్న సూక్ష్మజీవులు లోపలికి పోయి, జెల్‌కు అంటుకుని పల్చటి పొరలా పేరుకుని ఉండవచ్చు. నీటి తొట్టి గోడకు పాచి పట్టినట్టు. ఆ పొర మందులకు త్వరగా లొంగదు, పరీక్షలకూ త్వరగా దొరకదు. శుభ్రత సరిగా లేని చోట నీళ్లలో, మట్టిలో బతికే క్షయ జాతి సూక్ష్మజీవులు పట్టుకున్న కేసులు కూడా వైద్య పత్రికల్లో ఉన్నాయి. వాటి వల్ల చీము గడ్డలు వారాల తర్వాత లేస్తాయి. మామూలు యాంటీబయాటిక్ ఐదు రోజులు మింగితే పోవు.

ఇంకోటి... నిద్రపోతున్న దాన్ని లేపినట్టు, ఒంట్లో వేరే చోట వచ్చిన జబ్బు ఈ వాపును లేపుతుంది. ఫ్లూ జ్వరం, సైనస్, పంటి ఇన్‌ఫెక్షన్ లాంటివి. పైన చెప్పుకున్న అమ్మాయికి పన్ను పోటు, జ్వరం ముందు వచ్చాయన్నది ఊరికే రాసింది కాదు. అందుకే పళ్ల చికిత్సకు, ఫిల్లరుకు మధ్య కనీసం రెండు వారాలైనా ఎడం ఉంచమని చాలామంది నిపుణుల సలహా.

దీనికి ప్రపంచమంతా చూసిన ఒక ఉదాహరణ 2020 డిసెంబరులో వచ్చింది. అమెరికాలో మోడెర్నా కోవిడ్ టీకా పరీక్షల్లో 30 వేల మంది పాల్గొన్నారు. టీకా తీసుకున్నవారిలో ముగ్గురికి ముఖమో, పెదవో వాచింది. ఆ ముగ్గురూ అంతకుముందు ఫిల్లర్లు వేయించుకున్నవారే. అందులో ఒకరు వేయించుకుని ఆరు నెలలైంది. వాపు తగ్గిపోయింది. టీకా వద్దని ఏ దేశమూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. కానీ ఆ ముగ్గురి వల్ల ఫిల్లరు ఉన్న చోట రక్షణ వ్యవస్థ ఎప్పుడైనా ఉలిక్కిపడవచ్చన్నది అందరికీ అర్థమైంది.

ఇంతకీ ఇది ఎంతమందికి వస్తుంది? హయలురానిక్ రకాల్లో ఇలా ఆలస్యంగా వాపు వచ్చేది వందలో ఒకరికన్నా తక్కువ మందికేనని ఎక్కువ అధ్యయనాలు చెబుతున్నాయి. కొన్ని రకాల జెల్‌తో కొంచెం ఎక్కువ. అంటే వేయించుకున్న ప్రతివారూ హడలిపోవాల్సిన పని లేదు. వచ్చిన ఆ ఒక్కరికి మాత్రం సరైన పేరుతో పిలిచే డాక్టరు దొరకాలి. తిప్పలంతా అక్కడే.

దుమ్మా? ఫిల్లరా?

దుమ్ము వల్ల వచ్చేది సాధారణంగా దురద పెడుతుంది. ముఖంతో పాటు మెడ, చేతులు... బట్ట కప్పని చోటల్లా ఉంటుంది. హద్దు స్పష్టంగా ఉండదు. ఇంట్లో ఇంకొకరికీ ఉండవచ్చు. కళ్లు, ముక్కు కారవచ్చు.

ఫిల్లరు వాపు అలా కాదు. సూది వేసిన చోటే వస్తుంది. పెదాలకు వేస్తే పెదాలకే, కంటి కింద వేస్తే అక్కడే. నొక్కితే గట్టిగా, ఒక్కోసారి నొప్పిగా ఉంటుంది. దురద తక్కువ. చర్మం ఎర్రగానో, ఊదాగానో మారవచ్చు. ఒక బుగ్గతో మొదలై రెండోదానికి పాకడం కూడా ఉంది, ఎందుకంటే రెండు పక్కలా ఉన్నది అదే జెల్.

వీటన్నిటికన్నా అత్యవసరమైనది మరోటి ఉంది. అది ఆలస్యంగా వచ్చేది కాదు. సూది వేస్తున్నప్పుడో, కొన్ని గంటల్లోనో చర్మం పాలిపోయి, వల లాంటి మచ్చలు పడి, తీవ్రమైన నొప్పి వచ్చినా... చూపు మసకబారినా... జెల్ రక్తనాళంలోకి పోయిందేమోనని అనుమానించాలి. గంటలు కూడా లెక్కే. చూపు పోయిన కేసులు ప్రపంచంలో నమోదయ్యాయి. తెల్లారాక చూద్దాం అనుకోవడానికి వీల్లేదు.

ఒక చిన్న స్టిక్కర్

ఇక అసలు సంగతి. ముఖం వాచిన మనిషి చర్మ వైద్యుల ముందు కూర్చుంటే ఆయన అడిగే మొదటి ప్రశ్న ఇదే... ''ఏం వేశారు?'' చాలామంది జవాబు, ''ఫిల్లర్ సార్.'' అది జవాబు కాదు. దుకాణంలో ''నూనె ఇవ్వు'' అన్నట్టు. ఏ నూనె?

హయలురానిక్ జెల్ అయితే ఒక పెద్ద సౌకర్యం ఉంది. దాన్ని కరిగించే మందు ఉంది. హయలురానిడేజ్ అనే ఎంజైమ్. ఇదేమీ దొరకని వస్తువు కాదు. కంటి ఆపరేషన్లలో మత్తు సూది త్వరగా పాకడానికి దశాబ్దాలుగా కలుపుతున్నదే. ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూసుకుని, అవసరమైతే యాంటీబయాటిక్ మొదలుపెట్టి, ఆ తర్వాత జెల్‌ను కరిగిస్తారు. తేనెటీగ, కందిరీగ కుట్టినప్పుడు ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడకపోవడం లాంటివి వచ్చినవాళ్లు మాత్రం ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. ఆ విషంలోనూ ఇలాంటి ఎంజైమే ఉంటుంది. కొండల దగ్గర ఉండేవాళ్లకు ఇది గుర్తుంచుకోదగ్గ మాట.

వేసింది హయలురానిక్ కాకపోతే ఆ మందు పని చేయదు. కాల్షియం రేణువులున్నవి, ప్లాస్టిక్ లాంటి సన్నని పూసలున్నవి, సిలికాన్ ద్రవం... ఒక్కోదానికి దారి ఒక్కోటి. సిలికాన్ అయితే కరగదు, కదలవచ్చు, కొన్నిసార్లు కోసి తీయాల్సి వస్తుంది, పూర్తిగా రాకపోవచ్చు కూడా. అందాన్ని పెంచడానికి సిలికాన్ ద్రవం ఎక్కించుకోవద్దని ఎఫ్‌డీఏ 2017 నవంబరులో హెచ్చరించింది. చైనాలో పాలీఅక్రిలమైడ్ జెల్ అనే రకాన్ని ఏళ్లపాటు వాడాక 2006లో ప్రభుత్వం ఆపేసింది. అప్పటికే ఒంట్లోకి వెళ్లినదాన్ని మాత్రం ఏ ఉత్తర్వూ వెనక్కి తీసుకురాలేదు.

అందుకే పేరున్న కంపెనీల సిరంజి పెట్టెలో చిన్న స్టిక్కర్లు వస్తాయి. మందు పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ వాటి మీద ఉంటాయి. ఒకటి క్లినిక్ రికార్డులో అంటించడానికి, ఇంకోటి వేయించుకున్నవారికి ఇవ్వడానికి. వేలకు వేలు పోసి వేయించుకున్న మనిషి ఆ స్టిక్కరు మాత్రం అడగదు. బియ్యం బస్తా మీద ముద్ర చూసి కొనే మనమే, ముఖంలోకి పోయేదాని పేరు చూడం.

సిరంజి పెట్టె కళ్ల ముందు విప్పమని అడగాలి. విప్పని చోట, ఇంకొకరికి వాడగా మిగిలిందని చెప్పే చోట, ''ఇది విదేశీ సరుకు, చీటీ ఉండదు'' అనే చోట లేచి వచ్చేయడం మేలు. స్టిక్కరు ఇస్తే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోవాలి. ఏ తేదీన, ఎక్కడెక్కడ, ఎంత వేశారో ఒక ముక్క రాయించుకోవాలి.

ఇప్పటికే వేయించుకుని కాగితం లేనివాళ్లకూ దారి ఉంది. వైద్యుల ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం, రోగి అడిగితే 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలి. ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులనైతే చికిత్స మొదలైన రోజు నుంచి మూడేళ్లపాటు భద్రపరచాలి. వాపు వచ్చినా రాకపోయినా ఈ రోజే అడిగి తెచ్చుకోవచ్చు. ఈ నిబంధన డాక్టర్లకు వర్తిస్తుంది. సూది వేసింది బ్యూటీ పార్లర్ ఆమె అయితే? అక్కడ రికార్డు ఉండదు, బాధ్యతా ఉండదు. ముఖంలోకి సూది దించే పని పార్లర్‌ది కాదు. కనుబొమ్మలు తీర్చినంత తేలిక కాదు.

ఆ ట్యూబు జోలికి పోవద్దు

సమస్యను మరింత చిక్కు చేసేది చీటీ లేకుండా కొనే స్టెరాయిడ్ ట్యూబు. తెల్లబడటానికి, మొటిమలకు, దురదకు... అన్నిటికీ అదే రాసుకునే అలవాటు సరిహద్దుకు రెండు పక్కలా ఉంది. 2018లో కేంద్రం చాలా రకాల స్టెరాయిడ్ క్రీములను చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలోకి తెచ్చింది. అమ్మకం ఆగిందా అంటే మందుల షాపు ముందు పది నిమిషాలు నిలబడితే తెలిసిపోతుంది.

ఫిల్లరు వాపుకు వైద్యులు కూడా ఒక్కోసారి స్టెరాయిడ్ వాడతారు. నేరుగా గడ్డలోకే సూది వేస్తారు. కానీ లోపల ఇన్‌ఫెక్షన్ లేదని తేల్చుకున్నాకే. ముందే వాడితే నిప్పు మీద బూడిద కప్పినట్టు, పైన చల్లబడి లోపల రాజుకుంటుంది. డాక్టరు చూసేసరికి ఏది ఏమిటో తెలియకుండా పోతుంది. కాపడం పెట్టడం, గట్టిగా మర్దన చేయడం, పిన్నుతో పొడిచి పిండటం... ఇవీ వద్దు. ''సరిచేస్తాం'' అని దాని మీదే ఇంకో ఫిల్లరు వేస్తామంటే అసలే వద్దు.

దాచిపెడితే...

ఇంట్లో తెలిస్తే ఏమంటారోనన్న భయం చాలామందిది. అత్తగారింట్లో అయితే మరీ. నవ్వుతారని, డబ్బు తగలేసిందంటారని డాక్టరు దగ్గర కూడా చెప్పరు. పక్కన అమ్మో, భర్తో కూర్చుని ఉంటే ''ముఖానికి ఏమైనా చేయించుకున్నావామ్మా?'' అన్న ప్రశ్నకు లేదనే తల ఊపుతారు. ఆ ఒక్క అబద్ధంతో ఎలర్జీ పరీక్షలు, రక్తపరీక్షలు, క్షయ పరీక్షలు అంటూ వరుస మొదలవుతుంది. చెప్పలేకపోతే ఒక్క నిమిషం ఒంటరిగా మాట్లాడాలని డాక్టరును అడగవచ్చు. ఆయన దాన్ని బయట పెట్టకూడదు. అదీ నిబంధనే.

సినిమావాళ్లు కూడా దాచుకునే ఈ విషయాన్ని 2025 జులైలో ముంబయి నటి ఉర్ఫీ జావేద్ దాచుకోలేదు. పెదాల ఫిల్లరును కరిగించుకుంటూ, వాచిపోయిన ముఖాన్ని వీడియో తీసి జనం ముందు పెట్టారు. 18 ఏళ్ల వయసు నుంచి వేయించుకుంటున్నానని, ఫిల్లర్లకు తాను వ్యతిరేకం కాదని, మంచి డాక్టరును చూసుకోమని చెప్పారు. ఆమెది కరిగించేటప్పుడు వచ్చిన వాపు, ఇక్కడ చెప్పుకుంటున్నదానికి వేరు. కానీ ముఖం వాచిన ఆడపిల్ల తలుపు వేసుకుని కూర్చోనక్కర్లేదని చూపించింది.

హద్దు దాటితే చట్టం వేరు

యశ్వంతనగర్ నుంచి వైద్యానికి బళ్లారికి, హోసపేటకు పోయేవాళ్లున్నారు. చుట్టాలున్నారని గుంతకల్లు, అనంతపురం పోయేవాళ్లూ ఉన్నారు. చదువులు, ఉద్యోగాల వల్ల పిల్లలు బెంగళూరులో, హైదరాబాదులో ఉంటున్నారు. సూది ఒక రాష్ట్రంలో, వాపు ఇంకో రాష్ట్రంలో... ఇక్కడ ఇది మామూలే.

కర్ణాటకలో ప్రైవేటు క్లినిక్‌లన్నీ 2007 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద రిజిస్టరు కావాలి. ఫిర్యాదులు చూసే జిల్లా స్థాయి కమిటీకి జిల్లాధికారి అధ్యక్షులు. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి చట్టం వేరే ఉంది. తెలంగాణలో కేంద్రం చేసిన 2010 చట్టం అమల్లో ఉంది. అంటే సూది ఎక్కడ వేశారో ఫిర్యాదు అక్కడి జిల్లాకే పోవాలి, వాచిన ఊళ్లో కాదు. గోడ మీద రిజిస్ట్రేషన్ పత్రం ఉందా, సూది వేసే డాక్టరు చర్మవ్యాధుల్లోనో, ప్లాస్టిక్ సర్జరీలోనో చదువుకున్నారా అన్నది ముందే చూసుకోవాలి. డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఆ స్టిక్కరు పక్కనే రాసి పెట్టుకుంటే ఇంకా మంచిది.

ఫిర్యాదు కాకుండా, ఏ మందు వల్ల, ఏ వైద్య పరికరం వల్ల ఇబ్బంది వచ్చిందో ప్రభుత్వానికి తెలియజేసే ఏర్పాటు కూడా ఉంది. పరికరాల కోసం 2015లో మొదలైన కార్యక్రమం ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నుంచి నడుస్తోంది. టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024. డాక్టరే కాదు, ఇబ్బంది పడ్డవారు కూడా చెప్పవచ్చు. అక్కడ అడిగేదీ అదే... పేరేమిటి, బ్యాచ్ నంబరెంత, ఎప్పుడు వేశారు, వాపు ఎప్పుడు వచ్చింది.

ఊళ్లో ఉన్నవాళ్లకు దగ్గరి దారి మొదట సండూరు తాలూకా ఆసుపత్రి, అక్కడి నుంచి బళ్లారిలో విమ్స్‌గా జనానికి తెలిసిన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో చర్మ విభాగం. పోయేటప్పుడు వాడిన ట్యూబులు, మాత్రల అట్టలు ఖాళీవైనా సరే సంచిలో వేసుకుని పోవాలి. వాపు మొదలైన రోజు తీసిన ఫొటో ఫోన్‌లో ఉంటే అదీ చూపించాలి, డాక్టరు దగ్గరికి చేరేసరికి తగ్గి ఉండవచ్చు. భాషతో ఇబ్బంది లేదు. బళ్లారిలో కన్నడంలో అడిగితే తెలుగులో, తెలుగులో అడిగితే కన్నడంలో జవాబు రావడం కొత్త కాదు. స్టిక్కరు మీద పేరు, నంబరు మాత్రం ఇంగ్లిష్‌లో ఉంటాయి. చదవడం రాకపోయినా ఫర్వాలేదు, ఫొటో తీసుకుంటే చాలు.